నడిసముద్రంలో శనివారం తలంటు

పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళను మీరు చూసే ఉంటారు. కానీ బంగాళాఖాతం నట్టనడుమ, చుక్క మంచినీళ్ళకి మొహం వాచి ఉన్న పడవలో, ఆకాశం దయతలచి పంపిన నీళ్ళలో కుంకుడు రసం కలిపిన మహానుభావుణ్ణి చూశారా? ఆ ఘనుణ్ణి నేనే. ఇంత ఘోరం చేసి కూడా ఎలా బతికి బట్టకట్టానో చెబుతాను, వినండి.

మండపేటలో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మోగుతున్న రోజులవి. మా బాబాయి నేవీలో చేసి రిటైరై, కాకినాడలో ఓ చిన్న తెరచాప పడవ చేయించుకున్నాడు. దాన్ని పోర్ట్ బ్లెయిర్ దాకా నడపాలన్న పట్టుదల మాత్రం ఆయనది కాదు, మా పిన్నిది. పిన్నిది ఉప్పాడ. ఆవిడ పుట్టిన ఇల్లూ, ఆడుకున్న వీధీ సముద్రం తినేసింది. "మా ఇల్లు మింగిన సముద్రానికి అవతలి ఒడ్డంటూ ఉంటుంది కదండీ. అక్కడెలా ఉంటుందో ఒక్కసారి చూడాలి" అని పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటోందట. బాబాయి తనకొచ్చిన విద్యంతా ఆవిడకి నేర్పాడు. నేర్పాక తేలిందేంటంటే, ఆయనకన్నా ఆవిడకే బాగా వచ్చింది. కుచ్చిళ్ళు ఎగదోపి చుక్కాని పట్టుకుని కూర్చుంటే, పడవ పెంపుడు ఆవులా ఆవిడ చెప్పినట్టు వినేది.

మూడో మనిషిని నేను. నా అర్హత ఏంటంటారా? ఖాళీగా ఉండటం. "సత్తిబాబుని తీసుకెళ్ళండి, వంటైనా చేసిపెడతాడు" అని మా అమ్మ నన్ను అప్పగించింది. అప్పగిస్తూ సంచిలో ఆవకాయ, నువ్వులనూనె, కుంకుడుకాయలు పెట్టి, "ఎక్కడున్నా శనివారం తలంటు మానకురా" అంది. కాలవగట్ల మీద పెరిగినవాళ్ళం కదా, అన్నం లేకపోతే ఓ పూట ఓర్చుకుంటాం గానీ నీళ్ళోసుకోకపోతే బతకలేం.

సగం దూరం రాకుండానే గాలి పడిపోయింది. దమ్ముచేలో దిగబడ్డ ట్రాక్టరులా పడవ ఉన్నచోటే ఉండిపోయింది. తాగే నీళ్ళు గ్లాసు నుంచి అరగ్లాసుకి దిగాయి. స్నానాలు ఉప్పునీళ్ళతోనే కావడంతో నా ఒళ్ళు ఎండుచేపకి అన్నలా తయారైంది.

"రేపు కూడా వాన పడకపోతే ఇంజనేసి వెనక్కి పోదామే. నీళ్ళు లేకుండా ముందుకెళ్తే ప్రాణాలు పోతాయి" అన్నాడు బాబాయి.

"అలాగేనండి" అంది పిన్ని. తూర్పువైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు శనివారం. ఉప్పునీళ్ళదైనా తలంటు తలంటేనని పొద్దున్నే మాడుకి నూనె పట్టించి, చితక్కొట్టిన కుంకుడుకాయలు మగ్గులో నానబెట్టాను. అంతలో పడమట మబ్బు లేచింది. చూస్తుండగానే గాలీ వానా కలిసి వచ్చిపడ్డాయి.

అప్పుడు చూడాలి మా పిన్నిని. తెరచాప కింది అంచుని ఒడిలా మడిచి కట్టేసింది. చాప మీద పడ్డ వాన జారి ఆ ఒడిలో చేరుతుంది, అక్కణ్ణుంచి గొట్టంలోంచి లోపలున్న డబ్బాల్లోకి పోతుంది. ముందు పడ్డ నీళ్ళతో చాపకి పట్టిన ఉప్పు కడిగించి, తర్వాతే డబ్బా పెట్టించింది. మొదటి డబ్బా నిండింది. "సత్తీ, ఆ ఒడి అంచు పైకెత్తి పట్టుకో, జారనివ్వకు" అని నాకు పని చెప్పి చుక్కాని దగ్గరికి పరిగెత్తింది. బాబాయి లోపల గొట్టం పట్టుకుని కూర్చున్నాడు.

పట్టుకున్నాను. ఒక చెయ్యి సరిపోయింది, రెండోది ఖాళీ. నెత్తిన నూనె, పక్కన కుంకుడు మగ్గు, ఎదురుగా చాప మీంచి ఒడిలోకి తూములా దూకుతున్న మంచినీళ్ళు. మీరైతే ఏం చేసేవారండీ? మీదీ మావైపే అయితే చెప్పక్కర్లేదు. మగ్గు నెత్తిన బోర్లించి, ధార కింద తల పెట్టి రుద్దుకోవడం మొదలెట్టాను.

"ఏమేవ్, నీళ్ళు నురగ కడుతున్నాయేంటి?" అని లోపల్నుంచి బాబాయి కేకేశాడు.

"వాన జోరుకేమోనండి. పట్టండి, పట్టండి" అంది పిన్ని.

"అవును బాబాయ్, మంచి జోరుగా ఉంది" అన్నాను కళ్ళు మూసుకుని. అప్పటికీ నా బుర్రకి తట్టలేదు.

వాన వెలిసింది. డబ్బాలన్నీ నిండాయి. బాబాయి ఆఖరి డబ్బాలోంచి గ్లాసు నిండా ముంచుకుని గటగటా తాగబోయి, అంతా బయటికి ఊసేశాడు. "ఆకాశంలోంచి చేదు నీళ్ళు పడ్డాయేంటే?" అన్నాడు.

పిన్ని వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. తర్వాత నా తలకేసి చూసింది. అది పెళ్ళికొడుకు తలలా నిగనిగలాడుతోంది.

"ఏంట్రా సత్తీ, తలంటుకున్నావా?"

"శనివారం కదా పిన్నీ."

"వీణ్ణి ఇక్కడే దింపేద్దామే" అన్నాడు బాబాయి.

కోటి విద్యలూ కూటి కొరకే అంటారు. నా ఒక్క విద్యతో ముగ్గురి తాగే నీళ్ళకి ఎసరొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. పిన్ని మాత్రం నన్నొక్క మాట అనకుండా డబ్బాలన్నీ రుచి చూసుకుంటూ వెళ్ళింది. నేను తల పెట్టకముందు నిండిన మొదటి డబ్బా ఒక్కటే బాగుంది.

"ఇది చాలదే. వెనక్కి తిప్పు" అన్నాడు బాబాయి.

"గాలి తూర్పుకి తోస్తోందండి. ఇంజనేసినా దీనికి ఎదురెళ్తే మరిన్ని రోజులు పడుతుంది, మరిన్ని నీళ్ళు తాగుతాం. ముందుకెళ్తేనే ఈ డబ్బా సరిపోతుంది."

బాబాయి ఆలోచించి, చుక్కాని ఆవిడకే వదిలేశాడు. సరిపోతుందన్న మాట నిలబెట్టడానికి ఆవిడ పడ్డ పాట్లు నేను చూశాను. గుక్కలు లెక్కపెట్టి పోసేది. మా ఇద్దరికీ పోశాక మిగిలితే తను తాగేది. పెదాలు పగిలినా చుక్కాని వదల్లేదు. అంత గట్టి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పోర్ట్ బ్లెయిర్ చేరాం. ఒడ్డున దిగి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి పిన్ని కాళ్ళ చుట్టూ మెల్లగా ఆడుతున్న అలలకేసి చూసింది. "ఇటువైపు ఎంత బుద్ధిగా ఉందో చూడండి" అని కళ్ళు తుడుచుకుంది. బాబాయి కూడా తుడుచుకున్నాడు. నా సంగతి అడక్కండి.

అంతలో రేవులో పనిచేసే తెలుగాయన ఒకాయన మంచినీళ్ళ బిందెతో వచ్చి, మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. "పెదాలు చూస్తే నీళ్ళకి కరువైనట్టున్నారు. జుట్టు చూస్తే పెళ్ళికొచ్చినట్టున్నారు. ఎలాగండీ ఇది?"

"మావాడి ఏర్పాటండి" అంది పిన్ని, గ్లాసు అందుకుంటూ. "తాగడానికి లేకుండా చేశాడు గానీ, దారంతా తలంటుకి మాత్రం లోటు రానివ్వలేదు. చేదు డబ్బాలు ఇంకా ఉన్నాయి, మీక్కూడా ఒకటి ఇమ్మంటారా?"

కాబట్టి పాఠక మహాశయులారా, మా గోదారి సాక్షిగా, ఆ నువ్వులనూనె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. శనివారమే కానీండి, పుష్కరాలే కానీండి, నా నెత్తిన పడ్డ నీళ్ళు ఎవరి గొంతులోకి పోతాయో కనుక్కోకుండా ఈ జన్మలో తల తడుపుకోను.