బీరయ్య గుండె, కర్రోడి కొమ్ములు

తెలంగాణ వచ్చిన నాలుగో ఎండాకాలం. హైదరాబాదు రద్దీతో విసుగొచ్చి, మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో గుండె డాక్టరుగా చేరాను. ఆ ఏడే మావాళ్లు అప్పు చేసి క్యాథ్‌ల్యాబ్ పెట్టారు. రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, గుండెకు ఎక్కడ అడ్డుందో చూసే గది అది. ఆ గది ఖాళీగా ఉంటే మా మేనేజరుకు ఊపిరాడేది కాదు. ఎవరు కనబడినా “ఛాతీ బరువుగా ఉందా?” అని పలకరించేవాడు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినాయనకు అలాగే ఈసీజీ తీయించాడంటే మీరు నమ్మరు. నమ్మకండి, ఆయన కూడా నమ్మలేదు.

అప్పుడొచ్చాడు బీరయ్య. ఆత్మకూరు వైపు గొర్రెల కాపరి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెనక భార్య మల్లమ్మ. ఎడమవైపు ఛాతీలో నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ “ఇది గుండెదే, నడక బంద్ చెయ్, గొర్లను అమ్ముకో” అన్నాడట. తెల్లారితే బేరగాడు మంద దగ్గరికి వస్తాడు.

“మంద పోతే నేనేం జెయ్యాలె సారు? నడుసుడు తప్ప నాకేమొస్తది?”

ఈసీజీ బాగుంది. ఛాతీ నొక్కి, “నొస్తాందా?” అన్నాను.

“లే సారు,” అన్నాడు పళ్లు బిగించి. మొండిమనిషి అనుకున్నాను.

ఇక మిగిలింది ట్రెడ్‌మిల్ పరీక్ష. కదిలే పట్టా మీద నడిపిస్తూ ఈసీజీ చూస్తాం. గుండె వేగం వయసుకు తగిన హద్దు దాటాలి. దాటకపోతే ఏ సంగతీ తేలదు, తర్వాతి దారి క్యాథ్‌ల్యాబ్‌కే. మేనేజరు అద్దం తలుపు అవతల ఆశగా నిలబడ్డాడు.

బీరయ్య కర్రను మెడ వెనక అడ్డంగా పెట్టి, చేతులు రెండూ దాని మీద వేలాడేసి పట్టా ఎక్కాడు. టెక్నీషియన్ కంగారుపడ్డాడు.

“ముంగటి కడ్డీ పట్టుకో పెద్దాయనా!”

“ఎందుకు? పారిపోతదా?”

వేగం పెంచాం. పట్టా ఎత్తు పెంచాం. “మా గుట్ట గింతకన్న నిటారుంటది,” అన్నాడు. ఇంకా పెంచాం. “గింత నడిసినా ఉన్నకాడనే ఉన్నం. మీకు వేరే పనిలేదా సారు?” అన్నాడు. మిషన్‌లోంచి పొగ వచ్చిందంటే అబద్ధమవుతుంది, వాసన మాత్రం వచ్చింది. గుండె వేగం హద్దుకు కాస్త దిగువన ఆగిపోయి, ఇక కదలనంది. మేనేజరు తలుపు ఓరగా తెరిచాడు.

మల్లమ్మ అడిగింది. “గీయన గుండె ఉరకాలె, గంతేనా సారు?”

“అంతే అక్కా.”

ఆమె మిషన్ ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏమయ్యా, బేరగాడు ఫోన్ జేసిండు. కర్రోన్ని ఇచ్చేసిన.”

కర్రోడంటే మందలో నల్ల పొట్టేలు. తెర మీద అంకె ఎగిరి హద్దు అవతల పడింది.

“వాన్నెందుకిచ్చినవే? మందకు పెద్దోడు వాడు!”

“నీ బొక్కలిరగ పొడిసినోడు నాకెందుకు?”

గుండె గుర్రంలా ఉరుకుతున్నా ఈసీజీలో ఒక్క వంకర లేదు. పట్టా ఆపించి దగ్గరికి వెళ్లాను.

“పొట్టేలు పొడిచిందా? నాకెందుకు చెప్పలేదు?”

బీరయ్య తల దించాడు. “సొంత పొట్టేలు పొడిసిందంటే తోటి గొల్లలు నవ్వుతరు సారు. గుండెనొప్పంటే ఎవ్వడు నవ్వడు.”

“నీ గుండె బంగారంలా ఉంది. దెబ్బ పక్కటెముకకు. అది మానినంక మందను కృష్ణ ఒడ్డుదాకా తోలుకపో.”

“అమ్మలేదులే, ఊకె అన్న,” అంది మల్లమ్మ. అతను పకపకా నవ్వి, వెంటనే పక్క పట్టుకుని “అబ్బా” అన్నాడు. మేనేజరు తలుపు మెల్లగా మూశాడు.

ఆనాటి నుంచి ఛాతీనొప్పి అని ఎవరొచ్చినా “ఏదన్నా పొడిచిందా?” అని అడుగుతాను. లేదంటే ఆ మనిషిని బయటికి పంపి భార్యను అడుగుతాను.

కొన్ని వారాల తర్వాత మంద మా దవాఖాన ముందు నుంచే పోయింది. బీరయ్య కర్రోన్ని చెవి పట్టి గేటులోకి తెచ్చాడు. “ఇగో సారు, మావోడు!” కర్రోడు నా తెల్లకోటును పైనుంచి కిందిదాకా చూసి తల వంచాడు. దండం పెడుతున్నాడనుకున్నాను. తర్వాత అంబులెన్సు చుట్టూ నేనెంత వేగంగా ఉరికానో చెప్పను. ఆయాసంతో మెట్ల మీద కూలబడితే, మేనేజరు నీళ్లగ్లాసుతో వచ్చి ప్రేమగా అడిగాడు.

“సార్, ఛాతీ బరువుగా ఉందా?”