ఒకటో ఛానల్

విజయవాడ గవర్నర్‌పేటలో చెప్పుల షాపు నడిపే కరిముల్లా ఇంట్లోంచే దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడుకునే పాత హామ్ రేడియో తీసేసి, ఛానళ్లు గుర్తుపెట్టుకునే కొత్త సెట్టు కొన్నాడు. కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, పళ్లు నూరుతూ, అందులో మొట్టమొదట ఎక్కించింది చల్లపల్లి నుంచి రత్తయ్య మాట్లాడే ఫ్రీక్వెన్సీనే. "మైకు పట్టుకోవడం రానివాడివి" అని రత్తయ్య అందరూ వింటుండగా అన్నప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. "మాట్లాడని మనిషికి మొదటి ఛానలెందుకు?" అంది భార్య బీబీజాన్. "జవాబు చెప్పకుండా ఉండాలంటే, వాడు పిలిచేది ముందు నాకు వినపడాలిగా." రోజూ పొద్దున్నే ఆ పిలుపు విని, మైకు వంక చూసి, తీరిగ్గా టీ తాగేవాడు.

తుఫాను నాడు ఫోన్లన్నీ పోయాయి. "ఊరు మునిగింది, పిల్లలతో మిల్లు డాబామీదున్నాం. విజయవాడలో ఎవరైనా వింటున్నారా?" రత్తయ్య పదేపదే పిలిచాడు. కరిముల్లా మైకు నొక్కాడు.

"మైకు పట్టుకోవడం రానివాణ్ణి. కంట్రోల్ రూముకి చెప్పి పడవలు పంపిస్తా. ఇది మాత్రం నీతో మాట్లాడినట్టు కాదు."