మైకు మామ స్పీచు, మూగ కంప్యూటరు

ఆ వయసుల నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేటివి. ఒకటి, లోకంల ఉన్న సగం కష్టాలకు కారణం జనం దొంగ సాఫ్ట్‌వేర్ వాడుడే అని. రెండోది, ఆ కష్టాలు తీర్చెటోన్ని నేనే అని. కోదాడల ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఎవరో వచ్చి లినక్స్ అనే కంప్యూటర్ సిస్టం మీద ఒక సెమినార్ చెప్పిపోయిండ్రు. మా దోస్తులందరు సమోసాలు తిని సెమినార్ మర్చిపోయిండ్రు, నేను సమోసా మర్చిపోయి దీక్ష తీసుకున్న. ఇగ ఆడికెల్లి సూర్యాపేట బస్టాండ్ల పక్కన కూసున్నోన్ని గూడ వదిలేటోన్ని కాదు. "ఉత్తగనే ఇస్తరు, ఎవడైనా విప్పి చూడొచ్చు, ఎవడైనా బాగుచేసుకోవచ్చు" అని చెప్తుంటే, ఆయన తన బస్సు కాకపోయినా ఎక్కి పోయేటోడు. (విప్పి చూడొచ్చన్నది నిజమే. బాగుచేసుకునుడు సంగతి సెమినార్ల సరిగ్గ చెప్పలే.) అప్పటికి నేను మిర్యాలగూడల ఒక కోచింగ్ సెంటర్ల పిల్లలకు టైపింగ్ నేర్పుతున్న. చుట్టాల లెక్కల మాత్రం "కంప్యూటర్ ఇంజనీర్"నే.

గరిడేపల్లి దిక్కు మా మేనమామ ఊరు. ఆయనను ఊరంతా మైకు మామ అంటరు. పెండ్లయినా, చావయినా, బడిల జెండా పండుగయినా, మైకు కనపడితే మా మామ చెయ్యి దానంతట అదే లేస్తది. ఒకసారి పట్టిండంటే కరెంటు పోవాలె తప్ప ఆయన విడువడు. గసొంటి మామకు సర్పంచ్ కావాలన్నది ఒక్కటే కోరిక. ఏండ్ల తరబడి ఎదురుచూస్తే, తీరా ఆ యాడాదే ఊరు ఆడోళ్లకు రిజర్వయింది. మామ ఒక పూట అన్నం తినలేదు. రెండో పూట తిని, మా అత్తమ్మతోని నామినేషన్ ఏపిచ్చిండు. "పేరు ఆమెది, పని నాది" అన్నడు. ఫ్లెక్సీల అత్తమ్మ ఫొటో ఓ మూలకు చిన్నగ, మామ రెండు చేతులు జోడించింది నిలువెత్తుగ. ఫ్లెక్సీ చూసిన కొత్తోడు ఎవడైనా, పోటీల ఉన్నది మామ అనీ, ఆ మూలకున్నామె ఎవరో పెద్ద లీడర్ అనీ అనుకోవాలె.

ప్రచారం ఆటోకు రికార్డింగ్ కావాలె. సూర్యాపేటల చేపిద్దామంటే, ఆ రికార్డింగ్ షాపాయన అవతలోళ్లకు గూడ చేస్తున్నడు, మన మాటలు ఆళ్ల చెవులవడతయని మామకు అనుమానం. కోదాడల ఒకాయన ఉన్నడు, గొంతు ఖంగుమంటది, కానీ మాటకొకసారి "అండీ, ఓటేయండీ" అంటడు. "మనూర్ల గట్ల అండీ అండీ అంటే ఓట్లడిగినట్టుండదు రా, సీరెలమ్మినట్టుంటది" అన్నడు మామ. అప్పుడు నేను ఛాతి ముందుకు పెట్టి, "మామా, ఇంట్ల కంప్యూటర్ ఉండంగ బయటికి పోవుడెందుకు? స్టూడియో నేను పెడ్త" అన్న. మామ నన్ను కావలించుకున్నడు. అత్తమ్మ మాత్రం, "ఫోన్ల రికార్డ్ చేస్తే కాదా అల్లుడా?" అన్నది. నేను నవ్విన. క్వాలిటీ గురించి ఆమెకు ఓపిగ్గ చెప్పిన. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తది.

ఆ కంప్యూటర్ మామ ఎప్పుడో ఏదో సెంటర్ పెడతనని కొని, గుడ్డ కప్పి, గుడ్డ మీద గడియారం పెట్టిండు. పాపం, పాత సిస్టంతోని అది మంచిగనే పాడేది. నేనే దొంగ సాఫ్ట్‌వేర్ అని ఉన్నదంతా తుడిచేసి లినక్స్ ఎక్కిచ్చిన. తెర మీద బొమ్మ ఎంత అందంగ వచ్చిందంటే, మామ దాని ముందర నిలబడి మీసం సరిచేసుకున్నడు. "ఇప్పుడు ఒక పాట పెట్టు" అన్నడు. పెట్టిన. పాట నడుస్తున్నది, నిమిషాలు కదులుతున్నయి, పచ్చగీతలు ఎగిరెగిరి పడుతున్నయి, సౌండ్ లేదు. వాల్యూమ్ పెంచిన. లేదు. స్పీకర్ వైరు తీసి పెట్టిన. లేదు. మామ స్పీకర్ నెత్తి మీద ఒకటిచ్చిండు. (మన దిక్కు ఏ మిషన్‌కైనా మొదటి వైద్యం అదే.) అయినా లేదు.

అప్పుడు తెలిసింది నాకు, లినక్స్ల సౌండ్ అంటే ఒక వస్తువు కాదు, ఒక ఆఫీసు. కింద కార్డు ఉంటది, దాని మీద డ్రైవర్, డ్రైవర్ మీద ఇంకోటి, దాని మీద సర్వర్, ఆ సర్వర్‌ను తీసేద్దామని కొత్తగ వచ్చిన ఇంకో సర్వర్. ఎవరిని అడిగినా "నా దగ్గర ఫైల్ క్లియర్, పైకి పంపిన" అంటరు. పాస్‌బుక్కు కోసం మండలాఫీసుకు తిరిగినోళ్లకు ఇది వివరంగ చెప్పే అవసరం లేదు. ఇంటర్నెట్ల ఒక ఫోరంల నా బాధంతా రాసిన. ఏ దేశపోడో, "నా దగ్గర మంచిగనే పనిచేస్తుంది" అని జవాబిచ్చిండు. మంచిది నాయనా, నీ కడుపు చల్లగుండ, నాకేం ఫాయిదా? ఇంకొకడు, ఇట్ల అడిగే ముందు మాన్యువల్ చదవాలని బుద్ధి చెప్పిండు. మూడోవాడు దేవునోలె వచ్చి నాలుగు లైన్ల కమాండ్ ఇచ్చిండు. అది కొడితే వాల్యూమ్ గుర్తే మాయమైంది. అంతకుముందు సౌండ్ ఒక్కటే లేకుండె, ఇప్పుడు సౌండ్ లేదని చెప్పేదానికి గూడ దిక్కు లేదు. అది మల్ల తెచ్చేసరికి నా పానం తోకకొచ్చింది.

ఈ లోపల అవతలోళ్ల ఆటో బజార్ల తిరుగుడు మొదలైంది. అది ఇంటి ముందరికెల్లి పోయినప్పుడల్లా మామ నా దిక్కు చూసేటోడు. ఏమనకపోయేటోడు. మామ ఏమనకుంట ఉన్నడంటే పరిస్థితి ఎంత పరేషానో అర్థం చేసుకోవాలె. మా అమ్మ సూర్యాపేట నుంచి ఫోన్ చేసి, "ఏందిరా, మీ మామ సర్పంచ్‌గిరి నీ చేతుల పెట్టిండట, మంటల కలుపుతున్నవట?" అన్నది. ఇక నా ఇంజనీర్ ఇజ్జత్, మామ ఏండ్ల ఆశ, రెండూ ఆ నల్ల డబ్బాలనే ఇరుక్కున్నయి.

ప్రచారానికి ఇగ ఎక్కువ దినాలు లేవనంగ, ఏమైతే అదైతదని రికార్డింగ్ పెట్టుకున్నం. బయటి చప్పుడు రాకుంట లోపలి అర్ర కిటికీలకు బొంతలు కట్టినం, ఫ్యాన్ బంద్ చేసినం. మామ ఇస్త్రీ బట్టలేసుకొని, (ఎవరు చూస్తరని అడిగితే "గొంతుల తెలుస్తది రా" అన్నడు) మైకు ముందర కూసున్నడు. మొదలుపెట్టిండు చూడూ, తాతల కాలం నాటి బాయిల సంది, రాబోయే బైపాస్ రోడ్డు దాకా ఒక్కటి వదల్లే. అయిపోయినంక వెనక్కి పెట్టి ఇనబోతే, అదే కథ. పచ్చగీతలు ఎగురుతున్నయి, సౌండ్ లేదు. మల్ల చెప్పిండు. మల్ల లేదు. మూడోసారికి రికార్డింగ్ నొక్కిన కానీ, అప్పటికే మామ అంగీ చెమటకు తడిసింది, గొంతు పోయింది. "ముందు అన్నం తిందాం పా మామా" అన్న. ఇద్దరం బయటికొచ్చినం. మామ తిని, గొంతుకు విశ్రాంతని మంచం మీద ఒరిగిండు. నేను వసారల కూసోని ఫోన్ల ఆ ఫోరమోల్లతోనే కొట్లాడుతున్న. రికార్డింగ్ ఆపిన్నా లేదా అన్న సోయి నాకు లేదు.

సల్లపూట ఆటో అన్న వచ్చి హారన్ కొట్టిండు. "పెన్‌డ్రైవ్ ఇయ్యిండ్రి, ఆవలోడు ఊరంతా దున్నుతున్నడు." నేను లోపలికి ఉరికిన. చూస్తే ఫైళ్లు వరుసగ ఉన్నయి, అన్నిటికి పేర్ల జాగల అంకెలే. దేంట్ల ఏముందో ఇనే రాత లేదు. (ఆ పెన్‌డ్రైవ్ టీవీకి గుచ్చి ఇనొచ్చు కదా అంటరు మీరు. నాకు ఆ తెలివే ఉంటే మీకు ఈ కథ ఎట్ల వచ్చేది?) ఒకవేళ సౌండ్ లోపల ఉండి బయటికి వస్తలేదేమో, ఆటోల వస్తదేమో అని ఆశ. ఏది ఇయ్యాలె? అన్నిట్ల పెద్దది తీసుకున్న. మా మామ కంటే ఎక్కువసేపు మాట్లాడే మనిషి ఆ ఊర్లనే కాదు, నల్లగొండ పాత జిల్లాల గూడ లేడని నాకు గట్టి నమ్మకం. ఆటో అన్న పెన్‌డ్రైవ్ పెట్టుకొని ముందుగాల ఊరి అవతలి దిక్కున్న కొత్త కాలనీకి పోయిండు.

మామ లేచి మొఖం కడుక్కొని వాకిట్ల కుర్చేసుకున్నడు. నేను పక్కన నిలబడ్డ. చానాసేపటికి దూరంకెల్లి, చింతల బజారు మూల మలుపుకాడ, ఆటో మైకుల ఏదో గొంతు. మాట తెలుస్తలేదు కానీ గొంతు మాత్రం వస్తున్నది! ఇన్ని దినాల సంది ఆ కంప్యూటర్ నోట ఇన్న మొదటి చప్పుడు అది. "మామా! సౌండ్ వచ్చింది! సౌండ్ వచ్చింది మామా!" అని వాకిట్ల ఎగిరిన. మామ గూడ లేచి నిలబడి, చేతులు జోడించి, ఫ్లెక్సీల ఉన్నట్టే నవ్విండు. ఆటో దగ్గరకొచ్చింది. జోడించిన చేతులు అట్లనే ఉన్నయి, నవ్వు ఒక్కటే పోయింది. ఆ గొంతు అత్తమ్మది.

ఏమైందంటే, బొంతలు కట్టిన ఆ అర్రల మాట బయటికి పోదని, మేం బయటికి రాంగనే అత్తమ్మ, పక్కింటి పెద్దవ్వ లోపల కూసోని చిక్కుడుకాయలు ఒల్చుకుంట ముచ్చట పెట్టిండ్రు. అదంతా మైకు పుణ్యమా అని పొల్లుపోకుండ ఎక్కింది. ఇప్పుడది ఊరు మీద పడ్డది. "నిలబడ్డది నేనట వదినా. ఫొటో నాది, దండం ఆయనది. ఊరిని మార్చేస్తడట. ఇంట్ల బల్బు మార్చిండా ఎన్నడన్న? ఇంటి ముందర మోరీ నేనే పార పట్టుకొని తీస్త. నల్లా నీళ్లల్ల పురుగులొస్తున్నయి, ఆ ట్యాంకు కడిగి ఎన్నేండ్లయిందో అడుగు. బడి కాడ ఆడివిల్లల బాత్రూంకు తలుపు లేదు, సీర అడ్డం కట్టుకుంటున్నరు పిల్లలు. బైపాస్ రోడ్డు ఎవనికి కావాలె? నాకిస్తే ముందుగాల ట్యాంకు కడిగిస్త, తలుపు పెట్టిస్త. గంతే. స్పీచు గిట్ట నాకు రాదు." పెద్దవ్వ గొంతు: "మరి ఆ అల్లుడు పొద్దటి సంది ఏం చేస్తున్నడు?" అత్తమ్మ: "ఏమో, చదువుకున్న పోరడు. మాట్లాడే కంప్యూటర్ను మూగదాన్ని చేసిండు."

"ఆపు! ఆపురా!" అని మామ ఆటోకు అడ్డంపోయిండు. నల్లా కాడ ఉన్న ఆడోళ్లు ఆపనిస్తరా! "ఉండు మామా, ఇననీ! ఇంక ట్యాంకు సంగతి అయిపోలే" అని ఆటో చుట్టు నిలబడ్డరు. ఆటో అన్న పాపం మొఖం వెలిగిపోతున్నది. "కాలనీల గూడ మల్ల పెట్టు, మల్ల పెట్టు అన్నరన్నా. మస్తు హిట్టయింది" అన్నడు. లోపలికెల్లి అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చింది. తన గొంతు తానే ఇని ముందు సిగ్గుపడ్డది. ఎన్కకు పోతదనుకున్నం, పోలే. కొంగు మెల్లగ కిందికి దింపి, గడపల నిలబడి మొత్తం ఇన్నది. మామ నా దిక్కు తిరిగి, "నువ్వు కావాలనే చేసినవ్ రా" అన్నడు. గంత తెలివి నాకు ఉంటే మిర్యాలగూడల టైపింగ్ ఎందుకు చెప్పుకుంట మామా అన్న. నమ్మలే. ఇప్పటికి గూడ నమ్మడు.

అత్తమ్మ గెలిచింది. అవతలోళ్లు మల్ల లెక్కపెట్టుమని అడిగే ధైర్యం చెయ్యలే. దండలేసేటప్పుడు మామ అలవాటుకొద్ది మెడ ముందుకు వంచిండు, పంచాయతి సెక్రటరీ ఆయన పక్కకెల్లి పోయి అత్తమ్మకు ఏసిండు. వారం తిరగకముందే ట్యాంకు కడిగిచ్చింది, తర్వాత బాత్రూంకు తలుపు పెట్టిచ్చింది. మామ మాత్రం ఊర్ల, "నేనే ఆలోచన చేసి ఆమెతోని మాట్లాడిపిచ్చిన" అని చెప్పుకుంట తిరిగిండు.

మొన్న ఆ ఊరికి పోయినప్పుడు కంప్యూటర్ చూసిన. మల్ల గుడ్డ, గుడ్డ మీద గడియారం. ఏమైతదని తెరిచి చూస్తే, ఇన్నేండ్లకు అసలు రోగం దొరికింది. సౌండ్ మొదటి దినం నుంచే బయటికి వస్తున్నది, కాకపోతే స్పీకర్లకు కాకుండ, స్పీకరే లేని ఆ మానిటర్‌కు పోతున్నది. ఒక్క నొక్కుడు నొక్కితే సరిపోయేది. "అత్తమ్మా, ఇప్పుడే బాగుచేస్త" అన్న. అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "వద్దు అల్లుడా, గట్లనే ఉండనీ. మీ మామ పొద్దున పొద్దున దాని ముందర కూసోని స్పీచు రికార్డ్ చేసుకుంటడు. పచ్చగీతలు ఎగురుతయి, ఆయనకు తృప్తి. ఇనపడదు, నాకు శాంతి." నేను మౌస్ మీదికెల్లి చెయ్యి తీసిన.

ఇప్పుడు నా దగ్గర మంచి లాప్‌టాప్ ఉన్నది. దాంట్లగూడ లినక్సే, దీక్ష ఇడువలే. తెరువంగనే సౌండ్ వస్తది, వచ్చిందని గూడ నాకు సోయుండదు. అప్పుడప్పుడు ఆ బక్క పోరడు యాదికొస్తడు, ఎవరి గొంతో గూడ తెల్వకుంటనే "సౌండ్ వచ్చింది మామా" అని వాకిట్ల ఎగిరినోడు. మల్ల నేను గట్ల ఎన్నడు ఎగరలే.