సగటు పడిపోయిన సంవత్సరం

జక్కయ్య పంతులుకు లెక్కలంటే ప్రాణం. శామీర్‌పేట బడిలో పదకొండేళ్లుగా ఎక్కాలు వల్లె వేయిస్తున్నాడు. చేతికొచ్చేది నెలకు పద్నాలుగు రూపాయలు. యుద్ధం పుణ్యమా అని బియ్యం ధర కొండెక్కి కూర్చుంది. పంతుళ్లకు సర్కారు గిరానీ భత్యం, అంటే కరువు భత్యం, ఇస్తుందని కబురొచ్చింది. అది రాకపోతే బడి మానేసి బొల్లారం మిలిటరీ గోదాములో మూటలు మోస్తానని భార్య ఎలీషమ్మకు మాటిచ్చాడు. మాటైతే ఇచ్చాడు గానీ, తలచుకుంటేనే గుండె చెరువయ్యేది.

మేడ్చల్‌లో పంతుళ్లందరినీ కూర్చోబెట్టి బడుల ఇన్‌స్పెక్టరు కాగితం చదివాడు.

"మీ సగటు జీతం ఇరవై రెండు రూపాయలు. ఇరవై దాటిన కాడ భత్యం లేదు."

జక్కయ్య లేచాడు. "సాబ్, గా సగటు ఎట్ల దీసిండ్రు? గీడ పద్నాలుగు దాటినోడు ఒక్కడు గూడ లేడు."

ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. జీతాల పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. "గీ సంతకం ఎవరిది?"

ఇరవై నాలుగు రూపాయల పక్కన జక్కయ్య సంతకమే, ముత్యాల్లాంటి అక్షరాలతో. అప్పటి ఆనవాయితీ అది. సర్కారు గ్రాంటు పూర్తిగా ముట్టినట్టు పంతులు సంతకం చేయాలి, పది రూపాయలు బడి పైకప్పుకని ఆ చుట్టుపక్కల బళ్లన్నీ నడిపే మేనేజరు పట్టుకోవాలి. పదకొండేళ్ల ఆ సొమ్ముతో చార్మినారుకు పెంకులు కప్పొచ్చు. బడి మాత్రం వానాకాలం కురుస్తూనే ఉంది.

జక్కయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. సర్కారు కూడికలో తప్పు లేదు. కూడమని తామిచ్చిన అంకెలే అబద్ధాలు.

"మా చేతికొచ్చేది పద్నాలుగే సాబ్. సంతకం జేసిన తప్పు నాదే."

"రాసిస్తవా?"

వెనక బల్ల మీద మేనేజరు కుర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "పంతులూ, జర సోంచాయించుకో. బడికి మళ్ల నువ్వే రావాలె." రాస్తే ఉద్యోగం ఊడుతుంది. రాయకపోతే బొల్లారం మూటలు ఎలాగూ తప్పవు. జక్కయ్య కలం అందుకున్నాడు. ఈసారి అక్షరాలు వంకర పోయాయి. అయినా రాశాడు.

తలొంచుకుని కూర్చున్న కండ్లకోయ పంతులు పర్వతాలు నెమ్మదిగా లేచి వచ్చాడు. "నాకు పన్నెండే సాబ్. నాది గూడ రాసుకోండ్రి." ఆ తర్వాత బల్లలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. మొత్తం పందొమ్మిది మంది రాసిచ్చారు. ఒక్కణ్ణి తీసేయడం తేలికే. అందరినీ తీసేస్తే బళ్లలో మేకలు కట్టుకోవాల్సిందే. కుర్మయ్య రెండు నెలలు పంతుళ్లతో మాట్లాడలేదు, అంతకు మించి ఏమీ చేయలేకపోయాడు.

మూడో నెలలో కొత్త కాగితం వచ్చింది. సగటు పదమూడు రూపాయలు. భత్యం నెలకు నాలుగు రూపాయలు, ఇకమీదట జీతంతో కలిపి నేరుగా పంతుళ్ల చేతికే.

జక్కయ్య ఇంటికొచ్చి గడప మీదే కూలబడి, కొత్త సగటు చెప్పి పకపకా నవ్వాడు. ఎలీషమ్మకు ఏమీ పాలుపోలేదు.

"ఏందయ్యా, ఇరవై రెండు గాస్త పదమూడైందంటివి. సగం తగ్గినంక గట్ల నవ్వుతవేంది?"

"తగ్గలేదే పిచ్చిదానా. మనం బతికే బతుకు సర్కారుకు గిప్పుడు తెల్సింది." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "జల్దీ ఇంత బువ్వ పెట్టు, బడికి పోవాలె."