ఎవరికీ చెప్పకు అన్నది నేనే

ఇలాంటివి నేను ఎప్పుడో రాయాల్సింది. రాయడం రాక రాయలేదు. యాభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నాది వేలిముద్రే. అమెరికాలో, ఈ చాండ్లర్ ఊళ్ళో మేము వెళ్ళే తెలుగు చర్చికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేది. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి పోదామని వచ్చిన మనిషి. ఆరాధన అయ్యాక నన్ను పక్క గదిలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఆవిడ వెళ్ళిపోయాక ఇంగ్లీషు అక్షరాలు మా అమ్మాయి నేర్పింది. ఇప్పటికీ ఒక పేజీ రాయడానికి నాకు పూట పడుతుంది.

ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. మా అమ్మాయి ఇక్కడి కాలేజీలో లెక్కలు చెబుతుంది. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏడాదికోసారి పొడిగిస్తారు.

ఒక పొద్దున్న దాని బ్యాగులో లంచ్ బాక్స్ పెడుతుంటే రంగుల కాగితం ఒకటి చేతికి తగిలింది. కూడబలుక్కుని చదివాను. శనివారం ఆడవాళ్ళకు తుపాకీ నేర్పుతారట.

“ఇదేంటే?”

“కొత్త బిల్లు వస్తోందమ్మా. పాసైతే పర్మిట్ ఉన్నవాళ్ళు క్యాంపస్‌లోకి గన్ తీసుకెళ్ళొచ్చు, పైకి కనిపించకుండా. నేనూ తీసుకుందామని.”

“బొద్దింకని కొట్టమంటే కుర్చీ ఎక్కుతావు. నువ్వు మనిషిని కాలుస్తావా?”

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“కాల్చడానికి కాదమ్మా. దగ్గరుంటే ధైర్యం.”

అప్పుడు చెప్పింది. పరీక్ష తప్పిన స్టూడెంట్ ఒకతను మార్కులు మార్చమని అడిగాడట. కుదరదన్నాక రెండుసార్లు దీని కారు దగ్గర కాపు కాశాడు. మూడోసారి కారు తలుపు మీద చెయ్యి వేసి, మీ ఇల్లెక్కడో నాకు తెలుసు అన్నాడు. నెల రోజులుగా ఇది రోజుకో దారిలో ఇంటికి వస్తోంది. రోడ్డు పనులు జరుగుతున్నాయని నాతో చెప్పేది, నేను నమ్మేదాన్ని.

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన కొనుక్కో అనాలనిపించింది. ఆ వెంటనే, వాడి చేతిలోనూ ఒకటి ఉంటుందిగా అనిపించింది. లంచ్ బాక్స్ లోపల పెట్టి బ్యాగు జిప్పు వేశాను.

ఆ వారంలోనే బిల్లు మీద అందరి అభిప్రాయాలు వినడానికి కాలేజీ వాళ్ళు మధ్యాహ్నం మీటింగు పెట్టారు. బయటివాళ్ళూ రావచ్చన్నారు. మాట్లాడటానికి మా అమ్మాయి పేరు ఇచ్చింది. నేనూ వెళ్ళాను. అది నా పక్కన కూర్చుని చెవిలో తెలుగు చేసి చెప్పింది.

టోపీ చేత్తో పట్టుకుని ఒక పెద్దాయన లేచాడు. పోలీసులు మంచివాళ్ళే గానీ వాళ్ళు వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోతుంది, నా మనవరాలు అంతవరకూ ఏం చెయ్యాలి అన్నాడు. తర్వాత నర్సింగ్ చదివే పిల్ల లేచింది. తూటా తగిలిన ఒంటిని శుభ్రం చేశాను, పక్క బెంచీవాడి జేబులో ఏముందోనని ఆలోచిస్తూ నేను పాఠం వినలేను అంది. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది.

మా అమ్మాయి వంతు వచ్చింది. కారు దాకా ఒంటరిగా నడిచే ఆడదానికి తనను తాను కాపాడుకునే హక్కు ఉండాలి అంది. చప్పట్లు కొట్టారు. మీటింగు నడిపే ఆఫీసరమ్మ ముందుకు వంగి మెల్లిగా ఏదో అడిగింది. “నో,” అంది మా అమ్మాయి. “జస్ట్ ఇన్ జనరల్.”

ఆ నో మాత్రం నాకు ఎవరూ తెలుగు చెయ్యనక్కర్లేకపోయింది.

కార్లో కూర్చున్నాక అడిగాను. “ఆవిడ ఏమడిగింది?”

“మీకేమైనా ప్రాబ్లమ్ ఉందా అని.”

“లేదని ఎందుకన్నావు?”

“మే నెలలో జాబ్ రెన్యూవల్ ఉందమ్మా. కంప్లైంట్ ఇస్తే క్లాస్ హ్యాండిల్ చెయ్యలేదనుకుంటారు. గొడవల మనిషని పేరు పడుతుంది.”

“తుపాకీ కావాలని హాలు నిండా జనం ముందు చెప్పావు. వాడి పేరు ఒక్కరి చెవిన వెయ్యలేవా?”

అది స్టీరింగ్ వైపే చూస్తూ, “నువ్వే కదా నేర్పావు,” అంది.

దానికి పదిహేనేళ్ళప్పుడు, మా ఊళ్ళో ట్యూషన్‌కి వెళ్ళే దారిలో ఒకడు కొట్టు అరుగు మీద కూర్చుని ఏడిపించేవాడు. ఒకరోజు చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పకు అన్నాను. స్టేషనుకు పోతే రాసి ఇమ్మంటారు. నాకు రాయడం రాదు. ఇంకొకరి చేత రాయిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ ఏడాదంతా నా పిల్ల రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్ళింది. వాడు అరుగు మీదే కూర్చున్నాడు. నేనేదో తెలివైన పని చేశాననుకున్నాను.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూనే కాగితం, పెన్సిల్ తెచ్చుకుని కూర్చున్నాను. “చెప్పు, రాస్తాను.”

“అమ్మా, టైప్ చేస్తే రెండు నిమిషాలు.”

“చేసి పంపుతావా?”

అది లాప్‌టాప్ బ్యాగు తెరవలేదు.

“అయితే చెప్పు.”

మొదట విసుగ్గా చెప్పింది. ఏ రోజు, ఎన్ని గంటలకు, కారు ఎక్కడ ఆపింది. నేను తెలుగులో రాస్తూ పోయాను. ఒత్తు దగ్గర ఆగితే అదీ ఆగేది. వాడన్న మాట దగ్గరికి వచ్చేసరికి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆ ఒక్క వాక్యం రెండుసార్లు తుడిచి రాశాను. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, లాప్‌టాప్ తెరిచి ఇంగ్లీషులో కొట్టింది. ప్రింట్ తీసి కింద సంతకం చేసింది.

శనివారం తుపాకీ క్లాసు మానుకుంటానని అది అనలేదు. మానుకోమని నేను అడగలేదు. బిల్లు ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్న కాలేజీ ఆఫీసు తలుపు తీసేసరికి ఇద్దరం అక్కడ ఉన్నాం. నిన్నటి ఆఫీసరమ్మే. కాగితం రెండుసార్లు చదివి, అప్పుడే ఫోను తీసి సెక్యూరిటీ వాళ్ళని పిలిచింది. మేము లేచి వచ్చేస్తుంటే నేను మా అమ్మాయి చెయ్యి పట్టి ఆపాను.

“అందినట్టు రాసి ఇమ్మను.”

“అమ్మా, ఇక్కడ అలా అడగరు.”

“అడుగు.”

అడిగింది. ఆవిడ కాపీ తీసి, దాని మీద తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చింది. తేదీ సరిగ్గా ఉందో లేదో చదువుకుని, మడిచి నా దగ్గర పెట్టుకున్నాను. తర్వాత మా అమ్మాయి వెంట క్లాసు దాకా నడిచాను.