అందరి మేకపోతు

మాదాపూర్‌లో నేను వంట మొదలుపెట్టిన రోజుల్లో రాళ్లు పేలుతుండేవి. ముందు ఈల వేసేవారు, ఎర్రజెండా ఊపేవారు. ఆ తర్వాత భూమిని కింది నుంచి ఎవరో తన్నినట్టు పొయ్యి మీద డేగిసా ఎగిరిపడేది. రాతిముక్కలు రేకుల కప్పు మీద వడగళ్లలా రాలేవి. ఒకసారి ఒక ముక్క ఉడుకుతున్న పప్పులోనే పడింది. మాది గోదావరి కాలువల పక్క ఊరు. ఇంట్లో రోలూ పొత్రమూ తప్ప వేరే రాయి చూడకుండా పెరిగినదాన్ని. ఇన్ని బండల మధ్య మనుషులు ఎలా బతుకుతారో అని వచ్చిన కొత్తలో రోజూ తిట్టుకునేదాన్ని.

మా ఆయన ఒక కట్టడం దగ్గర సిమెంటు, ఇనుము ఉన్న స్టోరు చూసుకునేవాడు. నేను అక్కడే రేకుల షెడ్డులో కూలీలకు అన్నం వండేదాన్ని. బడిలో మా పంతులుగారు దేశపటం గీయించి, రాష్ట్రాలకు రంగులు వేయించి, గీత పక్కకు పోతే చెవి మెలిపెట్టేవారు. అయినా నాకు దేశం ఎక్కలేదు. ఆ షెడ్డులోనే ఎక్కింది. పాలమూరు వాళ్లకు జొన్నరొట్టె, పచ్చికారం లేకపోతే తిన్నట్టు ఉండదు. ఒరిస్సా నుంచి వచ్చిన ఇనుప కడ్డీలు కట్టేవాళ్లు అన్నంలో నీళ్లు పోసి ఉంచమనేవారు, మర్నాటికి పులిసిన ఆ అన్నమే అడిగేవారు. బీహారు వడ్రంగులు నా చారు చూసి ముఖం తిప్పుకుని, ఉల్లిపాయను పిడికిలితో గుద్ది రొట్టెలో నంజుకునేవారు. అందరికీ ఒకటే పొయ్యి, ఒకటే నీళ్ల ట్యాంకరు. అందుకని రోజూ కొట్లాటే. కంచాలు విసురుకునేవారు, బిందెలతో తలలు పగలగొట్టుకునేవారు. నేనూ తక్కువ తినలేదు. వరసలో తోసుకొచ్చిన ఒకడి వీపు మీద నా గరిటె విరిగింది.

మేం కిరాయికి ఉన్నది కొత్తగూడలో ఒక ముసలి ముల్లా ఇంట్లో. భార్య పోయి ఆయన ముందు గదిలో ఒంటరిగా ఉండేవాడు. నేను తాతగారూ అని పిలిస్తే ఆయనకు నవ్వొచ్చేది.

"తాత అంటె సాలదా బిడ్డా, గారెందుకు?" అనేవాడు.

చుట్టుపక్కల పెళ్లయినా, పండగయినా, మైసమ్మకు మొక్కు తీర్చుకున్నా మేకను కోయడానికి ఆయన్నే పిలిచేవారు. నాకిది ఎంతకీ మింగుడుపడలేదు. మా వైపు అమ్మవారి జాతరలో సాయిబు చేత కోయించడం నేనెప్పుడూ వినలేదు. నోరు ఊరుకోక అడిగేశాను.

"మీవోళ్లు కోస్తె మావోళ్లు తినరు. నేను కోస్తె మావోళ్లు తింటరు, మీవోళ్లు తింటరు. పిలిచిన ఇంట్ల ఒక్కడు తినకుంట పోతె అదేం దావత్ బిడ్డా? నా చెయ్యి పడితె అందరు తినొచ్చు" అన్నాడు.

ఆ మాట అనేటప్పుడు ముసలాయన కాస్త నిటారుగా కూర్చున్నాడు. ఆయనకు పొలం పోయింది, కొడుకులు పాతబస్తీలో స్థిరపడిపోయారు. ఊళ్లో ఆయనకంటూ మిగిలిన మర్యాద ఆ కత్తి ఒక్కటే. దాన్ని తెల్ల గుడ్డలో చుట్టి గూట్లో పెట్టుకునేవాడు.

ఆ వేసవిలో ఒరిస్సా వాళ్లలో ఒకడు పరంజా మీద నుంచి జారి కింద పొడుచుకొచ్చిన కడ్డీల మీద పడ్డాడు. వాడిని ఆ కడ్డీల మీంచి తీయడం నేను చూశాను. దాన్ని గురించి ఇంతకంటే రాయలేను. చచ్చిపోయినవాడు వాళ్ల సర్దారుకు సొంత తమ్ముడు. సర్దారు ఏడవలేదు. మర్నాడు అదే పరంజా ఎక్కి అదే చోట కడ్డీలు కట్టాడు. మిగిలినవాళ్లకు మాత్రం ముద్ద నోటికి వెళ్లేది కాదు.

పాలమూరు మేస్త్రి షెడ్డులో కూర్చుని అన్నాడు, "గీ జాగ మైసమ్మది అక్కా. అడగకుంట తవ్వినం. స్లాబు పడేలోపు మేకపోతును ఇయ్యకుంటె ఇంకొకడు పోతడు."

సర్దారు వెంటనే తల ఊపాడు. వాళ్ల ఊళ్లోనూ అంతేనట, నేల తల్లికి బలి ఇవ్వకుండా ఎవరూ గోడ లేపరట. అన్నాళ్లలో ఆ రెండు జట్లు ఒక మాట మీదకు రావడం అదే మొదలు. మంచి మేకపోతును ఇద్దరూ కలిసి వెళ్లి తెచ్చారు. కానీ దాన్ని ఎలా కోయాలో ఎవరూ ఎవరినీ అడగలేదు. అది అడగాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. తన ఊళ్లో ఎలా కోస్తారో దేశమంతా అలాగే కోస్తుందని ప్రతివాడికీ ధీమా. నాకు తోచాలి మరి, తాతగారిని అడిగినదాన్ని కదా. నాకూ తోచలేదు.

పొద్దున్నే ఒక రాయికి పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టారు. మేస్త్రి కబురుపెడితే తాతగారు ఉతికిన లాల్చీ వేసుకుని, కత్తి చంకలో పెట్టుకుని వచ్చాడు. అవతల సర్దారు కూడా స్నానం చేసి, వారం నుంచి నూరుతున్న పెద్ద కత్తితో నిలబడ్డాడు. వాళ్ల లెక్కలో ఒక్క వేటుకు తల తెగి తల్లి ముందు పడాలి. పడకపోతే ఆమె ముఖం తిప్పుకుంటుంది, ఇంకో మనిషిని తీసుకుంటుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మేస్త్రి మేకపోతును పడుకోబెట్టి తల పడమటికి తిప్పాడు. తాతగారు ఎడమచేత్తో మెడ పట్టుకుని, దేవుడి పేరు తలుచుకుని కత్తి ఆనించాడు. సర్దారు గావుకేక పెట్టి పరుగెత్తుకొచ్చి తాడు పట్టి గుంజాడు. సగం తెగిన మెడలోంచి జారిన కత్తి తాతగారి ఎడమ అరచేతిలోకి దిగింది. మేకపోతు లేచి నిలబడింది.

లేచి పరుగెత్తింది. మెడ ఒక పక్కకు వేలాడుతూ, అరవబోతే గొంతులోంచి గురగుర మాత్రమే వస్తూ, జనం మధ్య నుంచి పరుగెత్తింది. ఆడవాళ్ల చీరల మీద, ఇసుక మీద, సిమెంటు బస్తాల మీద రక్తం చిమ్మింది. ఎవరూ దాన్ని పట్టుకోలేదు. సర్దారు దాన్నే చూస్తున్నాడు. అప్పుడు వాడి ముఖంలో నేను చూసింది కోపం కాదు, ఒట్టి భయం.

"ఏందిర, అమ్మవారి మేకను గుంజుతవా?" అని మేస్త్రి వాడి చెంప మీద కొట్టాడు.

ఇక చెప్పేదేముంది. ఒకళ్ల చేతుల్లో కడ్డీ ముక్కలు, ఒకళ్ల చేతుల్లో పారలు. పారతో కొడితే మనిషి తల ఎలా చప్పుడు చేస్తుందో ఆ రోజు విన్నాను. ఒకడి దవడ పక్కకు జరిగిపోయింది. ఒకడు తన పళ్లను తనే అరచేతిలోకి ఉమ్ముకుని చూసుకున్నాడు. ముందురోజు కలిసి మేకను తెచ్చినవాళ్లు ఒకళ్ల జుట్టు ఒకళ్లు పట్టుకుని నేలకేసి బాదుకున్నారు.

తాతగారు నెత్తురు కారే చెయ్యి పొట్టకు అదుముకుని మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. సర్దారు కడ్డీ ఎత్తి ఆయన మీదకు వచ్చాడు. ఆ పక్కనే నా పొయ్యి, అప్పుడే అన్నం వార్చి ఉంచాను. పొగలు కక్కే గంజి గిన్నె ఎత్తి వాడి తొడల మీద కుమ్మరించాను. నాకు జాలి కలగలేదు. ముసలాయన తల పగలడమో వాడి కాళ్లు కాలడమో అయితే, ఇప్పటికైనా గంజే పోస్తాను.

మేకపోతు కడ్డీల కింద దూరి అక్కడే చచ్చింది. దానంతట అది చచ్చింది కాబట్టి తాతగారికి అది హరాం. తల తెగి రాయి ముందు పడలేదు కాబట్టి సర్దారుకు అది బలి కాదు. పాలమూరు వాళ్లు దాన్ని ముట్టుకోం అన్నారు. అందరూ తినాలని తెచ్చిన మేకపోతు ఎవరికీ కాకుండా పోయింది. మట్టి తవ్వే బండితో గోతిలోకి తోసేశారు. మధ్యాహ్నానికి ఇంజనీరు వచ్చి స్లాబు ఆగడానికి వీల్లేదన్నాడు. కట్లు కట్టుకున్న తలలతోనే తట్టలు మోశారు. సర్దారు కాలిన కాళ్లకు తడిగుడ్డ చుట్టుకుని ఒక మూల కూర్చుని, తమ్ముడు పోయాక మొదటిసారి ఏడ్చాడు.

దవాఖానలో తాతగారి చేతికి కుట్లు వేశారు. వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. కత్తి పట్టే చెయ్యి బాగానే ఉంది, మెడ పట్టే చెయ్యే పోయింది. తర్వాతి స్లాబుకు మేస్త్రి గుమ్మడికాయ కొట్టాడు. "దీనికైతె ఎవనికి పరేషాన్ లేదు అక్కా" అన్నాడు.

ఆషాఢం వచ్చింది. బోనాలనాడు తాతగారు కత్తి నూరి, గుడ్డలో చుట్టి, ఉతికిన లాల్చీతో అరుగు మీద కూర్చున్నాడు. లొల్లి సంగతి ఊరంతా పాకింది. ఎందుకొచ్చిన గొడవని ఎవరి మేకను వాళ్లే కోసుకున్నారు. డప్పులతో మేకలను ఆయన ముందు నుంచే తోలుకుపోయారు. కొందరు సలాం పెట్టారు. ఆయన వంగని వేళ్ల చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో తిరిగి సలాం పెట్టాడు. ఎవరూ ఆగలేదు. నాకు ఊళ్లో ఒక్కొక్కడి మీదా గరిటె విరగ్గొట్టాలనిపించింది.

వీధి చివర నుంచి ఒక కోడిని తెచ్చి అరుగు ముందు నిలబడ్డాను. మా ఆయన స్టోరు దగ్గరే ఉండిపోయాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. తాతగారు కోడిని చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు.

"జర గట్టిగ పట్టు బిడ్డా" అన్నాడు.

రెక్కలూ కాళ్లూ బిగించి పట్టుకున్నాను. ఆయన కోశాడు. వేడి నెత్తురు నా మణికట్టు మీదుగా కారింది. కోడి కదలడం ఆగేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. ఆయన కత్తి తుడుచుకుని కాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ఇగ అందరు తినొచ్చు" అన్నాడు.

ఆ పూట అందరూ అంటే ఆయనా, నేనూ.