గుండ్ల మిట్ట మీద నేను కొట్టింది దయ్యాన్ని కాదు

ఇన్నేండ్లుగా ఒక అబద్ధం మీద నిలబడి బైబిలు వాక్యం చెప్తాండాను. మొదట్లో అది కాళ్ల కింద కదిలేది. తర్వాత గట్టిపడింది. ఇప్పుడు మళ్లీ కదుల్తాంది, ఈసారి నిలబడటం నావల్ల కావడంలేదు.

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే మంచిది. తెలిసినోళ్ల ముందర నోరు తెరిస్తే నాకు ప్రసంగం వస్తుంది, నిజం రాదు. యాడ గొంతు తగ్గించాలో, యాడ కండ్లు మూసుకోవాలో నాకు బాగా తెలుసు. ఆ విద్యతోనే ఇంతకాలం దాచినాను. అందుకని చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. నేను ఒక మనిషిని ప్రార్థన పేరుతో కొట్టినాను. వానికి ఒక చెవి పోయింది, ఒక కంటికి చూపు మసకేసింది. వానికి దయ్యం పట్టిందని అందర్నీ నమ్మించినాను. దయ్యం లేదని నాకు అప్పుడే తెలుసు.

మాది గుంతకల్లు. నాయన రైల్వేలో పనిచేసేవాడు, చర్చి సంఘంలో పెద్ద. పొద్దున్నే కుటుంబ ప్రార్థన. వాక్యం అప్పజెప్పేటప్పుడు ఒక మాట తప్పితే బెల్టు తీసేవాడు. కోపంతో కొట్టేవాడు కాదు, అదే నాకు భయం. నిదానంగా, నా మంచి కోసమే అన్నట్టు కొట్టి, కొట్టినాక అదే చెయ్యి నా తలమీద పెట్టి ప్రార్థన చేసేవాడు. నాకు దేవుడంటే ఆ చెయ్యే. ఇది సాకుగా చెప్తాండానా? కాదనుకుంటాను. అయినా రాయకుండా ఉండలేకపోయినానంటే కొంత సాకే అయ్యుంటుంది.

డిగ్రీ అయినాక నన్ను ఉరవకొండ పక్క ఒక బైబిలు కాలేజీలో చేర్పించినాడు. పేరు చెప్పను. చుట్టూ శెనక్కాయ చేన్లు, రేకుల హాస్టలు, చిన్న మందిరం, వెనకాల పెద్ద పెద్ద బండరాళ్లుండే గుండ్ల మిట్ట. మా ప్రిన్సిపాలుగారు మంచి మనిషి. తలకాయలో చదువు నింపడం కంటే మనిషి లోపల మారడం ముఖ్యమని నమ్మేవారు. అందుకని ప్రతి సీనియరుకూ కొందరు జూనియర్లను అప్పగించేవారు. వాళ్లతో కలిసి తినాలి, కలిసి ప్రార్థించాలి, వాళ్ల బాధలు, పాపాలు వినాలి, వాళ్లను విశ్వాసంలో పెంచాలి. మంచి పద్ధతే. తాగుబోతులుగా వచ్చి, ఇంకొకరి పక్కన కూర్చుని కూర్చుని మనుషులైనోళ్లను నేను చూసినాను. అయితే ఒకని ఆత్మను ఇంకొకని చేతిలో పెట్టేటప్పుడు ఆ చెయ్యి ఎట్లాంటిదో ఎవరు చూడాల? నా చెయ్యి ఎవరూ చూడలేదు. నా ప్రార్థన విన్నారు, సరిపోయింది. నేను ప్రార్థన చేస్తే జనం ఏడ్చేవాళ్లు.

ఓబులేసు జూనియరుగా నా గుంపులోకి వచ్చినాడు. తనకల్లు పక్క పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. ఇంట్లో అందరూ హిందువులు, వాడొక్కడే యేసును నమ్మినాడు. ఎట్ల నమ్మినావని అడిగితే అందర్లా పెద్ద సాక్ష్యం చెప్పలేదు. జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం ముసలాయన బైబిలు చదువుతా ఉంటే విన్నాడంట, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్లయిందంట. అంతే. ప్రార్థన చెయ్యమంటే రెండు మాటలు చెప్పి ఊరుకునేవాడు. ఆ తర్వాత చాలాసేపు అట్లే కూర్చునేవాడు. వాని మొహం చూస్తే ఎదురుగా ఎవరో ఉన్నట్టే ఉండేది. నాకు ఎప్పుడూ ఎదురుగా ఎవరూ లేరు. పుట్టినప్పటి నుంచీ మందిరంలో పెరిగినోన్ని నేను. నాకు దొరకనిది నిన్నగాక మొన్న వచ్చినోనికి ఎట్ల దొరికింది?

ఒకరోజు బోరు తొట్టి కాడ ఇద్దరం గుడ్డలు ఉతుక్కుంటా ఉన్నాం.

"అన్నా, ఒకటి అడుగుతా. కోపం చేసుకోవు కదా?" అన్నాడు.

అడగమన్నాను.

"నువ్వు ప్రార్థన చేసేటప్పుడు ఎవరితో మాట్లాడ్తాండావు?"

"దేవునితో. ఇంకెవరితో మాట్లాడ్తారు?"

"అట్లనా. నాకేమో మాతో మాట్లాడ్తాండావు అనిపిస్తాది."

ఎగతాళి కాదు. తెలుసుకోవాలనే అడిగినాడు. నేను నవ్వి, కొత్తగా వచ్చినావు, నెమ్మదిగా అర్థమవుతుందిలే అని చెప్పినాను. చెప్తా ఉండంగానే, వాని మెడ పట్టుకొని ఆ తొట్టిలో ముంచాలని అనుకున్నాను. ఊపిరాడక కాళ్లు కొట్టుకునేదాకా ముంచాలని. ఆ తలపుకు నాకే ఆశ్చర్యం వేసింది. దాన్ని ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. జూనియర్ల పాపాలు వినేవాన్ని కదా, నా పాపం వినేవాడు నాకు ఎవరూ లేకపోయె.

ఆ ఏడు వాన పడలేదు. వేసిన శెనక్కాయ మొలకెత్తకుండానే మాడిపోయింది. ప్రిన్సిపాలుగారు సభలకని వేరే ఊరు పోయినారు. వాన కోసం మిట్ట మీద ఉపవాస ప్రార్థన చేద్దామని నేనే అన్నాను. నీళ్లు కూడా ముట్టకూడదని నియమం పెట్టింది నేనే. పొద్దున్నే ఎక్కినాం. నడిమధ్యాహ్నానికి గుండ్లు పెనం మాదిరి కాలినాయి. మోకాళ్ల కింద చర్మం అంటుకుంటాంది. నేను గొంతెత్తి ప్రార్థిస్తా ఉన్నాను. అందరూ ఏడుస్తా ఉన్నారు, ఓబులేసు తప్ప. వాడు ఊరికే కండ్లు మూసుకొని కూర్చుని, అట్లే పక్కకు ఒరిగిపోయినాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లో నురగ.

ఒకడు నీడకు మోసుకుపోదామన్నాడు. ఇంకొకడు నీళ్లు తెస్తానని లేచినాడు. అంతలో అందరూ నా మొహం చూసినారు. ఆ క్షణంలో నేను ఏం చెప్తే అది జరుగుతుంది. నీళ్లు తెమ్మంటే తెచ్చేవాళ్లు. ఎన్నిసార్లు ఆ క్షణం దగ్గరికి వెనక్కి పోయి నిలబడినానో! ప్రతిసారీ అదే మాట నా నోట్లో నుంచి వచ్చింది. వాన్ని పట్టుకోండి అన్నాను. వీనిలో అపవిత్రాత్మ ఉండాది, అందుకే వాన రాలేదు అన్నాను.

కాళ్లు ఇద్దరు పట్టుకున్నారు, చేతులు ఇద్దరు. పక్కనున్న కానుగ చెట్టు బరికె విరుచుకొని కొట్టడం మొదలుపెట్టినాను. మొదటి దెబ్బలకే వానికి తెలివి వచ్చింది.

"దయ్యం కాదన్నా, ఎండకు తల తిరిగింది. నీళ్లియ్యండి," అన్నాడు.

చాలా మెల్లగా, స్పష్టంగా అన్నాడు. కాళ్లు పట్టుకున్నోళ్లలో ఒకడు వదిలేసినాడు కూడా. అప్పుడు నేను, మాట్లాడేది వాడు కాదు, లోపలుండేది అని అరిచినాను. ఆ ఒక్క మాటతో వాని నోరు వానిది కాకుండా పోయింది. ఇంక వాడు అబ్బా అన్నా, అమ్మా అన్నా, దేవుడా అన్నా అది దయ్యం అరుపే. వీపు మీద కొట్టినాను, మొహం మీద, కంటి మీద కొట్టినాను. బరికె విరిగితే అరచేత్తో చెవి మీద కొట్టినాను. వాడు యేసయ్యా అన్నాడు. ఆ పేరు నీకు పలికే అర్హత లేదంటా కాలితో తన్నినాను. తల పోయి గుండుకు తగిలింది. చెవిలోనుంచి రక్తం వచ్చింది.

ఇంకొకటి చెప్పకపోతే ఇదంతా చెప్పినా చెప్పనట్లే. కొట్టేటప్పుడు నాకు సంతోషం కలిగింది. ఎప్పుడూ రాని కన్నీళ్లు నిజంగా వచ్చినాయి. ఒళ్లంతా ఏదో నిండినట్లయింది. ఇదే కదా ఆత్మ అంటే అనుకున్నాను. మిగిలినోళ్లు కూడా వచ్చి తలా ఒక దెబ్బ వేసినారు, స్తోత్రం చెప్తా వేసినారు. వాడు కదలకుండా పడిపోయినాక, దయ్యం నుంచి విడుదలయిందని నేనే ప్రకటించినాను.

ఆస్పత్రిలో, దయ్యం ఎత్తి గుండు మీద పారేసిందని చెప్పలేక, కాలు జారి పడినాడని చెప్పినాం. ప్రిన్సిపాలుగారికి మాత్రం దయ్యం సంగతి చెప్పినాం. ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడిగినారు. అందరూ నా మాటే చెప్పినారు. అబద్ధమాడమని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరమే రాలేదు, అందరి చేతులకూ రక్తం అంటింది.

వాని నాయన నరసింహప్ప వచ్చినాడు. మనిషి సన్నగా, భుజాన గొర్రెబొచ్చు కంబడి వేసుకొని. కొడుకును చూసి బయటికి వచ్చి, అది జరిగినప్పుడు వాని పక్కనే ఉన్నది ఎవరప్పా అని అడిగినాడు. నేనే అన్నాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. ఆయన కండ్లలోకి చూస్తా, మీ కొడుక్కు దయ్యం పట్టింది, అదే వాన్ని గుండుకేసి కొట్టింది, మేము ప్రార్థన చేసి ప్రాణం కాపాడినాం అన్నాను. ఆ పెద్దాయన నాకు చేతులెత్తి మొక్కినాడు. నేను వద్దనలేదు.

ఓబులేసును ఇంటికి తీసుకుపోయినారు. మళ్లీ కాలేజీకి రాలేదు. నేను పై చదువులు చదివి అదే కాలేజీలో పంతులయినాను. ఏ పాఠం ఇచ్చినారో తెలుసా? ఆత్మీయ జీవిత నిర్మాణం. విద్యార్థిని లోపలి నుంచి ఎట్ల మలచాల అనే పాఠం. ప్రతి ఏడూ కొత్త విద్యార్థులకు గుండ్ల మిట్ట సాక్ష్యం చెప్పేవాన్ని. ఒక తమ్ముణ్ణి సాతాను చేతిలో నుంచి బరికెతో కొట్టి ఎట్ల విడిపించినామో చెప్పేవాన్ని. చెప్పేకొద్దీ బాగా చెప్పడం వచ్చింది. కొన్ని ఏండ్లు పోయినాక నేనే నమ్మినాను. నిజంగా నమ్మినానా? లేదు. కానీ నమ్మినోని మాదిరి నిద్రపోయినాను.

మొన్న ఎండాకాలం, మధ్యాహ్నం హాస్టలు ప్రార్థన గదిలో నుంచి కేకలు వినిపించినాయి. తలుపు తోసి పోయినాను. సీనియరు ఒకడు జూనియరును గోడకు అదిమి బెల్టుతో కొడుతున్నాడు. చుట్టూ నలుగురు స్తోత్రం చెప్తున్నారు. దెబ్బలు తింటున్న అబ్బాయికి మూర్ఛ, మందులు వేసుకుంటాడని నాకు తెలుసు. బెల్టు లాక్కున్నాను. లాక్కొని ఆ సీనియరును కొట్టినాను. ఆపడానికి ఒక దెబ్బ చాలు. నేను ఆగలేదు. వాడు చేతులు అడ్డం పెట్టుకొని, "మీరు చెప్పినట్లే చేసినా సార్, మిట్ట మీద మీరు చేసినట్లే చేసినా," అన్నాడు.

బెల్టు కింద పడేసినాను. వాని పెదవి చిట్లింది. ఇన్నేండ్లలో ఎంతమందికి ఆ పాఠం చెప్పినాను? వాళ్లంతా ఇప్పుడు ఊరూరా సంఘాలు నడుపుతాండారు. ఏ ఊర్లో ఎవరిని గోడకు అదిమినారో నాకెట్ల తెలుస్తుంది?

తనకల్లు పోయినాను. పల్లె బయట గొర్రెల మందతో ఉన్నాడు ఓబులేసు. జుట్టు నెరిసింది. మాట వినాలంటే తల పక్కకు తిప్పుతున్నాడు. నన్ను గుర్తుపట్టినాడు, కూర్చోమనలేదు. నిలబడే చెప్పినాను. దయ్యం లేదని నాకు తెలుసనీ, తెలిసే కొట్టినాననీ, తొట్టి కాడ నువ్వడిగిన మాటకు పగబట్టి కొట్టినాననీ చెప్పినాను. కేసు పెట్టినా ఒప్పుకుంటానన్నాను.

వాడు మందను చూస్తా విన్నాడు.

"దెబ్బలది ఏముందిలేప్పా," అన్నాడు. అన్నా అని పిలవలేదు. "మా నాయన నీ మాట నమ్మినాడు. నన్ను మంత్రగాని కాడికి తీసుకపోయి, చెట్టుకు కట్టేయించి కొట్టించినాడు. ఆ మంత్రగాడు కూడా నీ మాదిరే, మాట్లాడేది వీడు కాదన్నాడు. మా నాయన సచ్చేదాకా నా కండ్లలోకి సూడలేదు, లోపల ఇంకేదో ఉండాదని. ఆయనకు సెప్పాల్సింది నువ్వు. ఇప్పుడు యాడికి పోయి సెప్తావు?"

క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు. ఆ మాట అడగొద్దు, నా కాడ లేదు అన్నాడు. ఇంకా ప్రార్థన చేస్తాండావా అని అడిగినాను. ఎందుకడిగినానో, నా మీద భారం కొంచెమైనా తగ్గుతుందనేమో.

"అది నీకు సెప్పేది కాదు," అని మందను తోలుకొని పోయినాడు.

తిరిగొచ్చి కాలేజీ మందిరంలో, విద్యార్థులందరి ముందరా చెప్పినాను. ఇప్పటి ప్రిన్సిపాలు ముందే పిలిచి, యౌవనంలో చేసిన పొరపాటు అని చెప్తే చాలదా అన్నారు. చాలదన్నాను. బరికె, చెవి, రక్తం, సంతోషం, నరసింహప్ప మొక్కడం, అన్నీ చెప్పినాను. ఆ సీనియరును పేరు పెట్టి క్షమాపణ అడిగితే లేచి బయటికి పోయినాడు. కొందరు ఏడ్చినారు. ఏడవద్దని చెప్పినాను, నాకు ఆ ఏడుపు మీద నమ్మకం పోయింది. ఆ పాఠం నా నుంచి తీసేసినారు, విద్యార్థులను నాకు అప్పగించడంలేదు. అది న్యాయమే. నా దగ్గర చదివి పోయినోళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్తాండాను. కొందరు వింటారు. కొందరు, నీకే సాతాను పట్టిందని ఫోన్ పెట్టేస్తారు.

దేవుడు నన్ను క్షమించినాడని ఇక్కడ రాయాలని చెయ్యి చాలా లాగింది. అట్ల రాస్తే చదివేవాళ్లకు కూడా హాయిగా ఉంటుంది. నాకు తెలీదు కాబట్టి రాయడంలేదు. తెలిసినది ఇంతే. ఓబులేసుకు ఆ పొద్దు ఎండదెబ్బ తగిలింది. వాడు నీళ్లడిగినాడు. నేను కొట్టినాను. ఇంత చిన్న మాట బయటికి రావడానికి నా వయసంతా పట్టింది. వచ్చినాక, ఊపిరి కొంచెం లోపలికి పోతాంది.